శనివారం బ్యాండికూట్ సర్వే: వచ్చేవారికి సూచనలు

క్రాన్‌బోర్న్ తెలుగు కుటుంబాలందరికీ నమస్కారం.

వచ్చే శనివారం ఉదయం 7 గంటలకు మన ఇళ్లను ఆనుకొని ఉన్న పొదల అడవిలో సదరన్ బ్రౌన్ బ్యాండికూట్ల జాడలను నమోదు చేయబోతున్నాము. 2001 నుంచి ఆస్ట్రేలియా అంతరించే ముప్పు జాబితాలో ఉన్న ఈ సంచి జంతువు (పిల్లలను పొట్ట సంచిలో పెంచే రకం) కుందేలు కన్నా చిన్నది. పురుగులు, భూమిలో పెరిగే శిలీంధ్రాల కోసం ముంగాళ్ల గోళ్లతో, పొడవాటి ముక్కుతో తవ్విన గుంత పైన వెడల్పుగా, అడుగున సన్నగా గరాటులా ఉంటుంది కనుక గుర్తుపట్టడం తేలికే.

గుంత కనబడితే పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసి, లొకేషన్‌తో సహా ఈ గ్రూపులోనే పంపగలరు. బోనులు పెట్టడం అనుమతి ఉన్న నిపుణుల పని. మనం జంతువును తాకరాదు, పొదలను కదపరాదు, ఎందుకంటే నక్కల నుంచి వాటికి ఆ గుబురే రక్షణ.

పిల్లలు రావచ్చు, కుక్కలు మాత్రం వద్దు. పిల్లులను బయటికి వదలవద్దని మరోసారి మనవి. గురువారంలోగా పేర్లు ఇవ్వండి.