వల కోస్తే పరిహారం ఇవ్వాలి

సంపాదకులకు,

మొన్న డాల్ఫిన్ల సర్వే చేసేవాళ్లతో భీమిలి నుంచి పడవలో వెళ్లాను, మూడు గంటలు ఎండలో నీళ్లవంక చూడటమే సరిపోయింది, ఒక్కటీ కనిపించలేదు. తర్వాత హంప్‌బ్యాక్ డాల్ఫిన్లు నాలుగు, పక్కనే ఓ పిల్ల! ఇంజిన్ ఆపి వీపు రెక్కలకు ఫొటోలు తీశారు. వాటి మీది గాట్లు, మచ్చలను బట్టే ఏది ఏదో గుర్తుపడతారట. ఒకదాని రెక్క సగం తెగి ఉంది, వల తాడు కోసి ఉంటుందన్నారు. ఇప్పటికీ అదే కళ్లముందు మెదులుతోంది. డాల్ఫిన్ చేప కాదు కదా, వలలో చిక్కితే పైకొచ్చి ఊపిరి తీసుకోలేక చనిపోతుంది. మత్స్యకారులను తప్పుపట్టను, దాన్ని విడిపించడానికి వల కోస్తే నష్టం వాళ్లకే. మహారాష్ట్రలో 2018 నుంచి అలా కోసి వదిలినవారికి 25 వేల రూపాయల వరకు పరిహారం ఇస్తున్నారు. మన తీరంలోనూ ప్రతి రేవులో ఆ భరోసా ఉండాలి.

– ఒక పాఠకురాలు, విశాఖపట్నం