డాక్టర్, టీచర్, డాలర్

తల్లిదండ్రులకు నమస్కారం.

గత వారం బడి వదిలే వేళ మూడో తరగతి బాబు వాళ్లమ్మగారు డిక్టేషన్ నోట్‌బుక్ పట్టుకుని నా గదికి వచ్చారు. డాక్టర్, టీచర్, డాలర్ మూడింటికీ చివర ఈ-ఆర్ పెట్టి రాశాడు పిల్లాడు. టీచర్ ఒక్కటే ఒప్పు, మిగతా రెండింటికీ ఎర్ర ఇంటూ. "పదిసార్లు రాయించానండీ, వీడికి సరిగ్గా వినపడడం లేదేమో" అన్నారావిడ.

వినపడింది కాబట్టే అలా రాశాడు. ఆ మూడింటినీ తెలుగులో రాసి చూడండి: టర్, చర్, లర్. మన చెవికీ చివర ఒకే శబ్దం వినిపించింది. ఇంగ్లిష్‌లో ఓ-ఆర్, ఈ-ఆర్, ఏ-ఆర్ అని రాసినా అక్కడ పలికే అచ్చు ఒకటే. దాని పేరు ష్వా. హీబ్రూ వ్యాకరణం నుంచి వచ్చిన పేరది. డిక్షనరీలో తలకిందులైన చిన్న ఇంగ్లిష్ ఈ (e) అక్షరంలా ఉంటుంది. ఇంగ్లిష్ మాటల్లో అన్నిటికన్నా ఎక్కువగా వినిపించే అచ్చు ఇదే. అయినా దీనికంటూ సొంత అక్షరం లేదు. అబౌట్‌లో ఏ, టేకెన్‌లో ఈ, పెన్సిల్‌లో ఐ, లెమన్‌లో ఓ, సర్కస్‌లో చివరి యూ, అన్నీ దీని వేషాలే.

తెలుగులో ఏ అచ్చునైనా రాసినట్టే నిండుగా పలుకుతాం. కన్నడ పిల్లలకీ అంతే. ఇంగ్లిష్‌లో మాటకి ఒకచోట బలం పడుతుంది, మిగతా చోట్ల అచ్చులు చాలావరకు నలిగిపోతాయి. బనానాలో బలమంతా మధ్య 'నా' మీదే, అటూ ఇటూ ఉన్నవి ష్వాలు. ఫోటోగ్రాఫ్ అన్నప్పుడు 'ఫో' గట్టిగా వస్తుంది, రెండో ఓ నలుగుతుంది. అదే ఫోటోగ్రఫీ అంటే బలం రెండో ఓ మీదికి జరిగి 'ఫటాగ్రఫీ'లా వినిపిస్తుంది. (తొందరలో ఉంటే నా నోటికి ఇప్పటికీ 'ఫో' అనే వస్తుంది.)

అందుకని మీ పాప 'బనాన' అని చివర తేల్చేస్తే దిద్దకండి. బల్ల మీద వేలితో కొడుతూ మాట చెప్పమనండి. గట్టి దెబ్బ పడిన చోట ష్వా ఉండదు, మెత్తగా పడిన చోట వెతకాలి.

స్పెల్లింగ్ మాత్రం చెవిని నమ్ముకుంటే రాదు. దానికి మా టీచర్లు చేయించేది కాస్త నవ్వొచ్చే పని: బట్టీ పట్టేటప్పుడు కావాలనే తప్పుగా, 'డాల్-ఆర్', 'డాక్ట్-ఓర్' అని సాగదీసి పలకడం. మాట్లాడేటప్పుడు మాత్రం మామూలుగానే. ఇంట్లో ఈ గోల వినిపిస్తే కంగారు పడకండి.

శుక్రవారం డిక్టేషన్‌లో కేలెండర్, లెమన్, పెన్సిల్, సర్కస్ ఉన్నాయి. ష్వా దగ్గర తప్పు పోతే ఇంటూ బదులు ఆ అక్షరం కింద గీత మాత్రమే గీయమని టీచర్లకు చెప్పాను. నోట్‌బుక్‌లో ఆ గీతలు చూసి సంతకం చేసి పంపండి.

ప్రధానోపాధ్యాయురాలు
మారతహళ్ళి, బెంగళూరు