బొడ్డుతాడు రక్తం పేరుతో బేరాలు ఆపించండి

సంపాదకులు గారికి,

పోయిన నెల మా అమ్మాయిని ఎనిమిదో నెల చెకప్‌కి నగరంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లాను. స్కానింగ్ గది బయట బెంచీ మీద కూర్చున్నాం. మెడలో ఐడీ కార్డుతో ఒక కుర్రాడు వచ్చి, "బేబీ బొడ్డుతాడు రక్తం దాచిపెట్టండి మేడమ్, రేపు తలసీమియా వచ్చినా సొంత మూలకణాలే కాపాడతాయి" అన్నాడు. మూలకణాలంటే కొత్త కణాలను పుట్టించే తల్లి కణాలు; తలసీమియా అంటే ఎర్ర రక్తకణాలు సరిగా తయారుకాని జబ్బు. కిస్తీల మీద కట్టొచ్చట. మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుని, "కట్టకపోతే, తర్వాత బిడ్డకేమైనా అయితే ఎట్లా అమ్మా?" అంది.

30 ఏళ్లు కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పినదాన్ని. ఆ కుర్రాడి మాట ఎందుకు తప్పో చెబుతాను. గ్లాసు నీళ్ల మీద ఉల్లిగడ్డను నిలబెడితే రెండు మూడు రోజుల్లో తెల్లటి వేళ్లు దిగుతాయి. కొన కోసి, ఎసిటోకార్మిన్ రంగు పట్టించి, స్లైడ్ మీద బొటనవేలితో అదిమి మైక్రోస్కోపు కింద చూస్తే ఎర్రటి దారప్పోగుల్లాంటి క్రోమోజోములు రెండు జట్లుగా విడిపోతూ కనబడతాయి. విడిపోకముందే కణం తన డీఎన్ఏ మొత్తానికి నకలు తీసి పెట్టుకుంటుంది. మన ఒంట్లో 46 క్రోమోజోములకూ ఇదే పద్ధతి. మూలప్రతిలో అక్షరం తప్పు పడితే జిరాక్స్‌లోనూ ఆ తప్పే వస్తుంది కదా! తలసీమియా జన్యువుల్లో ఉండే లోపం. ఆ జబ్బుతో పుట్టిన బిడ్డ బొడ్డుతాడు మూలకణాల్లోనూ అదే లోపం ఉంటుంది. వాటినే తిరిగి ఎక్కిస్తే, ఎముక మజ్జలో చేరి మళ్లీ ఆ లోపమున్న ఎర్ర కణాలనే తయారుచేస్తాయి. ఆ బిడ్డకు కావలసింది హెచ్ఎల్ఏ (కణాల మీద ఉండే గుర్తులు) కలిసిన మరొకరి కణాలు. ఒక తోబుట్టువుతో పూర్తిగా కలిసే అవకాశం 25 శాతం.

మూలకణాల వైద్యం నిజమైనదే. 1988లో పారిస్‌లో ఫ్యాంకొని ఎనీమియా అనే పుట్టుకతో వచ్చే రక్తజబ్బు ఉన్న బాబును బతికించింది బొడ్డుతాడు రక్తమే, కాకపోతే అది వాడి చెల్లెలిది. మన హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో నల్లగుడ్డు అంచున ఉండే మూలకణాలతో, రసాయనాలు పడి దెబ్బతిన్న కళ్లకు చూపు తెప్పిస్తున్నారు. ఇలాంటి పని జరిగే ఊళ్లోనే ఆ పేరు చెప్పి గర్భిణులను భయపెడుతుంటే కడుపు మండుతోంది.

సొంత వాడకం కోసం ఈ రక్తాన్ని దాచడానికి శాస్త్రీయ ఆధారం లేదని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది. ఇంట్లో పెద్ద బిడ్డకు ఈ కణాలతో నయమయ్యే జబ్బు ఉండి, తల్లి మళ్లీ గర్భవతైతే అప్పుడు దాచుకోవచ్చని కూడా అందులోనే ఉంది. పైగా కాన్పయ్యాక కనీసం ఒక నిమిషం ఆగి బొడ్డు కోయమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ నిమిషంలో బిడ్డకు చేరే రక్తం తర్వాతి నెలల్లో రక్తహీనత రాకుండా చూస్తుంది. రక్తం సంచి నింపే తొందరలో ఆ నిమిషాన్ని మింగేయకూడదు.

మా అమ్మాయి సంతకం పెట్టలేదు. మా పక్కన కూర్చున్న పిల్ల, ఏడో నెలట, నేను నోరు తెరిచేలోపే పెట్టేసింది. భర్త డ్యూటీలో ఉన్నాడట, ఫోన్ ఎత్తలేదు.

ప్రసూతి వార్డుల్లోకి ఈ ఏజెంట్లను రానివ్వకుండా ఆరోగ్య శాఖ ఉత్తర్వు ఇవ్వాలి. సొంత వాడకానికి ఆధారం లేదని ఐసీఎంఆర్ చెప్పిన మాటను తెలుగులో, ఉర్దూలో రాసి ప్రతి కాన్పుల ఆసుపత్రిలో బోర్డు పెట్టించాలి. తలసీమియా మీద నిజంగా దిగులుంటే మొదటి చెకప్‌లోనే గర్భిణికి హెచ్‌బీఏ2 అనే, ఈ లోపాన్ని పట్టే రక్త పరీక్ష చేయించి, ఆమె క్యారియర్ (జబ్బు లేకుండానే లోపాన్ని మోసే మనిషి) అని తేలితే వెంటనే భర్తకూ చేయించాలి.

— విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకురాలు, తార్నాక, హైదరాబాద్