వానకాలవ వేరు, వాడుకనీటి దారి వేరు

సంపాదక మహాశయులకు నమస్కారం.

విజయనగరం, శ్రీకాకుళం జిల్లా పేజీల్లో ఊళ్ల మురుగు మీద వచ్చే వార్తలు చాలావరకు ఒకే కోరికతో ముగుస్తున్నాయి: సిమెంటు కాలవ కట్టించండి. కాలవే లేని వీధికి ఆ కోరిక న్యాయమే. అయితే కాలవ కట్టిన వీధుల్లో కూడా మురుగు ఎందుకు నిలుస్తోంది, గట్టి వాన కురిస్తే ఆ కాలవ పక్క ఇళ్లలోకే నీళ్లు ఎందుకు వస్తున్నాయి అని ఎవరూ అడగడం లేదు. ఇంట్లో వాడి పారబోసే నీటినీ, వాననీటినీ ఒకే చదును కాలవలోకి వదలడమే దీనికి అసలు కారణమని మేము గట్టిగా నమ్ముతున్నాం. ఆ సంగతి లెక్కేసి చూపిస్తాం.

నూరు గడపలు, నాలుగు వందల జనం ఉన్న ఊరు అనుకోండి. జల్ జీవన్ మిషన్ ప్రమాణం మనిషికి రోజుకు 55 లీటర్లు. అందులో వంట, స్నానం, బట్టలు, అంట్లు అన్నీ కలిపి 40 లీటర్ల దాకా వాడుకనీరుగా బయటికొస్తుంది. ఊరంతా కలిపి రోజుకు 16,000 లీటర్లు. పొద్దున్న అందరూ ఒకేసారి వాడే వేళకు సగటు మీద మూడు రెట్లు వేసినా సెకనుకు అర లీటరు దాటి కాస్త ఎక్కువ, అంతే. ఇప్పుడు వాన లెక్క. ఊరు రెండు హెక్టార్లలో ఉంది, గంటకు 50 మిల్లీమీటర్ల చొప్పున వాన పడుతోంది, అందులో 60 శాతం నేల మీద పారింది అనుకుంటే సెకనుకు 165 లీటర్లకు పైగా వస్తుంది. అంటే వాడుకనీటికి దాదాపు మూడు వందల రెట్లు. ఇంత తేడా ఉన్న రెండు నీళ్లకు ఒకే అడుగు, ఒకే కొలత కుదరదు.

45 సెంటీమీటర్ల వెడల్పు, అంతే లోతు ఉన్న కాలవను 500 మీటర్లకు ఒక మీటరు వాలుతో కడితే నిండుగా పారేటప్పుడు సెకనుకు 170 లీటర్లు మోస్తుంది. మన ఊరి వానకు సరిపోయింది. మిగతా రోజుల్లో ఆ చదును అడుగు మీద వాడుకనీరు సెంటీమీటరు మందం కూడా ఉండదు, వేగం సెకనుకు 13 సెంటీమీటర్లు. ఇసుక, బూడిద, మెతుకులు కిందికి దిగకుండా కొట్టుకుపోవాలంటే సెకనుకు 60 సెంటీమీటర్ల వేగమైనా ఉండాలి. కనుక అంట్ల బూడిద, గంజి, చేప పొలుసులు, వీధి మట్టి మొదటి రోజు నుంచే అడుగున పేరుకుంటాయి. ఆ మట్టిలో గడ్డి మొలుస్తుంది, గడ్డికి ప్లాస్టిక్ సంచులు తగులుకుంటాయి, వాటి వెనక నీళ్లు నిలిచి దోమ పెరుగుతుంది. తుపాను వచ్చే నాటికి కాలవ సగం పూడి ఉంటుంది. సగం పూడిన కాలవ మోసేది సగం కాదు, నూటికి 40 పాళ్లే. వానకాలవ వానకు పనికిరాకుండా పోతున్నది ఎండ రోజుల్లో మనం అందులో పోస్తున్న నీళ్ల వల్లనే.

అందుకే మొదటి పని ఇంటి నీళ్లను ఇంటి దగ్గరే ఇంకించడం. ఇంకుడు గుంతలు కొత్తవి కావు, ఉపాధి హామీలో చాలానే తవ్వారు. చాలా ఊళ్లలో అవి మూలనపడ్డాయి, జనానికి వాటి మీద నమ్మకం పోయింది. తప్పు గుంతది కాదు, నేలను చూడకుండా అన్నిచోట్లా ఒకే కొలతతో తవ్వడంలో ఉంది. ఇసుక నేల చదరపు మీటరుకు రోజుకు 50 లీటర్ల వరకు పీలుస్తుంది. మన ఎర్రగరప నేలలు 30 లీటర్ల దాకా, బంకమన్ను 10 లీటర్లు లేదా అంతకంటే తక్కువ. అయిదుగురున్న ఇంటి నుంచి వచ్చేది 200 లీటర్లు. ఇసుకలో నాలుగు చదరపు మీటర్ల గోడ చాలు, గరపలో ఏడు కావాలి, బంకలో ఇరవై దాటుతుంది. గుంత అడుగు కొద్ది నెలల్లోనే మూసుకుపోతుంది కనుక దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు, పక్క గోడలే లెక్క. మీటరు పొడవు, వెడల్పు, లోతు ఉన్న గుంతకు గోడలు నాలుగు చదరపు మీటర్లే. కవిటి ఇసుకలో చక్కగా పనిచేసే ఆ గుంత చెరువు కింద బంకనేలలో వారానికే పొంగుతుంది.

నేల రకం తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. గుంత పెట్టదలచిన లోతులో అడుగు వెడల్పు, అడుగు లోతు గొయ్యి తీసి ముందురోజు రాత్రి నీళ్లతో నింపి నాననివ్వాలి. మర్నాడు మళ్లీ నీళ్లు పోసి మట్టం 25 మిల్లీమీటర్లు దిగడానికి ఎంతసేపు పట్టిందో చూడాలి. అరగంట లోపు దిగితే ఇంకుడు గుంత పనిచేస్తుంది. గంట దాటితే అక్కడ తవ్వి డబ్బు పాడుచేయొద్దు. ఈ పరీక్ష వేసవిలో చేస్తే మోసపోతాం, వానాకాలంలోనే చేయాలి.

గుంత నిండా రాళ్లు పోసే అలవాటు కూడా మానాలి. రాళ్లే సగానికి పైగా చోటు తినేస్తాయి. పైగా సబ్బు జిడ్డు, మట్టి పట్టిన రాళ్లను తీసి కడిగి మళ్లీ వేసే ఓపిక ఎవరికీ ఉండదు. గరపనేలకు నాలుగడుగుల వ్యాసం ఉన్న చిల్లుల సిమెంటు వరలను, నీళ్లొచ్చే గొట్టం కింద ఆరడుగుల లోతు ఉండేలా దింపి, చుట్టూ అరడుగు మందాన కంకర వేసి, లోపల ఖాళీగా వదిలేయాలి. గోడ సుమారు ఏడు చదరపు మీటర్లు వస్తుంది. మీద తీయడానికి వీలైన మూత ఉండాలి. గుంతకు ముందు, ఇంటి వైపు, అడుగున్నర చొప్పున పొడవు, వెడల్పు, లోతు ఉన్న మడ్డి తొట్టి తప్పనిసరి. తొట్టి నుంచి బయటికెళ్లే గొట్టానికి టీ ముక్క (T ఆకారపు గొట్టపు అతుకు) బిగించి దాని కింది కాలు నీటిలో మునిగేలా పెడితే తేలే జిడ్డు, మునిగే బూడిద రెండూ తొట్టిలోనే ఆగిపోతాయి. వారానికోసారి ఆ మడ్డిని తోడి పెంటలో వేయాలి. ఈ తొట్టి లేని గుంత ఎంత బాగా కట్టినా ఎక్కువ కాలం బతకదు. పశువుల సాల కడిగిన పేడనీళ్లు మాత్రం ఈ గుంతలోకి ఒక్క చుక్క కూడా రాకూడదు, వాటి చోటు పెంట గొయ్యే.

పెరడు ఉన్న ఇంటికి గుంత కంటే చెట్టు మేలు. కాపుకొచ్చిన కొబ్బరిచెట్టు వేసవిలో రోజుకు నలభై యాభై లీటర్లు సులువుగా తాగుతుంది. అంటే ఒక ఇంటి వాడుకనీరు నాలుగైదు చెట్లకు. సబ్బు ఉప్పు ఒకే చెట్టు మొదట్లో పేరుకోకుండా రోజుకో చెట్టుకు మార్చుతుంటే చాలు. కొబ్బరితోటల ప్రాంతమైన ఉద్దానంలో ఇంత సులువైన దారి చేతిలో ఉండగా ఆ నీళ్లను వీధిలోకి వదలడం చూస్తే బాధనిపిస్తుంది.

తీరం పల్లెల్లో ఒక జాగ్రత్త ఉంది. భావనపాడు, కళింగపట్నం, పూసపాటిరేగ వైపు ఇసుక బాగా పీలుస్తుంది, కానీ కింద నీళ్లు దగ్గరలోనే ఉంటాయి. అక్టోబరు, నవంబరుల్లో ఊటబావిలో నీరు ఎంత పైకి వస్తుందో కొలిచి, గుంత అడుగు ఆ మట్టానికి కనీసం రెండు మీటర్ల ఎత్తులో ఉండేలా చూడాలి. తాగునీటి బావికీ బోరింగుకూ పది మీటర్ల దూరం. ఈ రెండూ కుదరని చోట గుంత ఆలోచన వదిలేసి నీళ్లను గొట్టంతో, కింద చెప్పబోయే శుద్ధి చెరువుకు పంపడమే సురక్షితం.

మరుగుదొడ్డి నీళ్ల సంగతి ఇంతకంటే గట్టిగా చెప్పాలి. సెప్టిక్ ట్యాంకు నుంచి పొర్లే నీరు శుద్ధమైన నీరని చాలామంది అనుకుంటున్నారు. కాదు. మలం అడుగున దిగుతుంది కానీ రోగం తెచ్చే క్రిములు ఆ నీళ్లలోనే బయటికొస్తాయి. ఆ గొట్టం ఇంకుడు గుంతలోకే పోవాలి, వీధి కాలవలోకి పోకూడదు. చిన్న కుటుంబానికి ట్యాంకు కంటే రెండు గుంతల మరుగుదొడ్డి నయం: మీటరు వ్యాసం, మీటరు పైచిలుకు లోతున్న గుంతలు రెండు, మధ్య మీటరు ఎడం, వై ఆకారపు మలుపు తొట్టి. ఒకటి నిండడానికి మూడేళ్లు పట్టొచ్చు. నిండాక దాన్ని మూసి రెండోదానికి మళ్లించాలి. రెండేళ్లు ఆగితే మొదటిదాంట్లో ఉన్నది ఎరువు అవుతుంది. రెండు గుంతల్లోకీ ఒకేసారి నీళ్లు వదలడం మేస్త్రీలు తరచూ చేసే తప్పు. అలా చేస్తే రెండూ కలిసి నిండుతాయి, ఆరే అవకాశం దేనికీ ఉండదు.

బంకనేల ఊళ్లకూ, పెరళ్లు లేని ఇరుకు వీధులకూ కాలవ తప్పదు. అప్పుడు చదును అడుగు వద్దు. అడుగు మధ్యలో 15 సెంటీమీటర్ల వెడల్పున అర్ధచంద్రాకారపు గాడి పెట్టి, రెండు పక్కల నుంచి గాడిలోకి వాలు తీయాలి. ఆరంగుళాల గొట్టాన్ని నిలువునా కోసి అచ్చుగా పెడితే మేస్త్రీకి కష్టం కాదు. ఇందాకటి అర లీటరు నీరే గాడిలో మూడు సెంటీమీటర్ల లోతున, ఒకటిన్నర రెట్ల వేగంతో పారుతుంది. మట్టి పూర్తిగా ఆగదని చెప్పడం మా బాధ్యత. వాలు వీలైనంత పెంచాలి, వారానికోసారి గాడిని ఊడ్వాలి. గుడ్డు నుంచి దోమ బయటికి రావడానికి వారం పైచిలుకు పడుతుంది కనుక ఆ వారం లెక్క దోమకూ సరిపోతుంది. మూత బండలు రెండడుగుల పొడవు మించకూడదు, ఇద్దరు మనుషులు ఎత్తగలిగేలా ఉండాలి. ఇంటి ముందు కాలవ మీద వేసిన ర్యాంపుల కింద పూడిక తీసే దారే ఉండదు. వాన నీరు ఎదురుతన్నేది ఎక్కువగా అక్కడే.

కాలవ చివర గెడ్డ (వాగు)లోకో బంద (చిన్న చెరువు)లోకో తిన్నగా వదిలేస్తున్నారు. అక్కడ ఒక మళ్లింపు తొట్టి కట్టాలి. తొట్టికి అడ్డంగా 15 సెంటీమీటర్ల ఎత్తు గట్టు, గట్టుకు ముందు పక్కగోడలో నాలుగంగుళాల గొట్టం, గొట్టం ముందు రెండు సెంటీమీటర్ల సందులున్న ఊచల జాలీ. ఎండ రోజుల్లో నీరంతా గొట్టం గుండా శుద్ధి చెరువుకు వెళుతుంది. వాన వస్తే ఎక్కువైన నీరు గట్టు దాటి గెడ్డలో పడుతుంది. తలుపులు, కరెంటు, మనిషి కాపలా ఏవీ అక్కర్లేదు, జాలీ శుభ్రం చేస్తే చాలు. శుద్ధి చెరువుకు పది రోజుల నిల్వ వేసుకుంటే మన నూరు గడపల ఊరికి 160 ఘనపు మీటర్లు. నాలుగడుగుల లోతున రెండు గదులుగా తవ్వితే నీటి పరపు మూడు సెంట్ల పైచిలుకు, గట్లతో కలిపి ఏడెనిమిది సెంట్ల స్థలం. అంచుల్లో గడ్డి పెరగనివ్వకూడదు, దోమ పిల్లలను తినే గంబూసియా చేపలు వదలాలి. ఆ నీళ్లు పశుగ్రాసానికీ కొబ్బరికీ వాడొచ్చు, పచ్చిగా తినే ఆకుకూరలకు వద్దు.

ఇవన్నీ మట్టాల మీద ఆధారపడ్డ పనులు. ఇప్పుడు కాలవలు నిధులొచ్చినప్పుడల్లా ముక్కలుగా, తరచూ ఊరి పైవైపు నుంచి మొదలవుతున్నాయి. కింది ముక్కకు నిధులు రాకపోతే నీళ్లు ఎవరో ఒకరి గుమ్మం ముందు ఆగుతాయి. కాలవ ఎప్పుడూ నీరు చేరే చివర నుంచి పైకి కట్టుకురావాలి. ఆ చివర మట్టం చెరువు నిండుమట్టం కంటే పైన ఉండాలి. వేసవిలో చెరువు అడుగంటినప్పుడు మట్టం తీసిన కాలవలోకి అక్టోబరులో చెరువే ఎదురెక్కుతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ, 2021 సెప్టెంబరు 26న గులాబ్ తుపాన్లు మన తీరం దాటాయి. చెరువులు నిండి ఉండే రోజులవి, మట్టాలు ఆ రోజులకే వేసుకోవాలి. పాత సిమెంటు రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్త రోడ్డు పోయడం మరో అనర్థం. రోడ్డు ఎత్తు పెరిగినకొద్దీ ఇంటి గుమ్మాలు గుంటలో పడుతున్నాయి. పనికి ముందు మేస్త్రీ దగ్గరుండే నీళ్ల ట్యూబుతోనైనా వాలు సరిచూడొచ్చు: 500కు ఒకటి అంటే 20 మీటర్లకు 4 సెంటీమీటర్లు. ట్యూబులో గాలి బుడగ ఉంటే ఈ లెక్క తప్పుతుంది, అది చూసుకోవాలి.

మురుగు కాలవల్లో పరిచిన తాగునీటి గొట్టాల విషయం వాయిదా వేయడానికి వీల్లేదు. కుళాయి నీళ్లు రోజులో కొంతసేపే వదులుతారు. ఆపిన తర్వాత గొట్టంలో ఒత్తిడి పడిపోతుంది. మురుగులో మునిగిన గొట్టానికి చిన్న చీలిక ఉన్నా అప్పుడు అది బయటి నీళ్లను లోపలికి పీల్చుకుంటుంది, మర్నాడు మొదటి బిందెలో అవే వస్తాయి. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ప్రబలినప్పుడు జిల్లా అంతా పడిన భయం ఎవరూ మరిచిపోలేదు. కాలవలో పరిచిన ప్రతి గొట్టాన్నీ బయటికి తీయాలి. దాటక తప్పని చోట కాలవ మీదుగా, అతుకు లేని ఇనుప గొట్టంలో దూర్చి దాటించాలి.

డబ్బు లేదనే మాట పూర్తి నిజం కాదు. స్వచ్ఛభారత్ గ్రామీణ్ రెండో దశ మార్గదర్శకాలు 5,000 జనాభా లోపు గ్రామంలో వాడుకనీటి పనులకు తలకు 280 రూపాయలు, అంతకు మించితే 660 రూపాయలు లెక్కగట్టాయి. అందులో 30 శాతం ఆర్థిక సంఘం నిధుల నుంచి కలపాలని చెప్పాయి. నాలుగు వందల జనానికి ఇది 1,12,000 రూపాయలు. ఆ సొమ్ముతో సిమెంటు కాలవ ఎంతో దూరం రాదు. మడ్డి తొట్లకు, మళ్లింపు తొట్టికి, చెరువు తవ్వకానికి పెడితే ఊరంతటికీ పనికొస్తుంది.

మా విన్నపం పంచాయతీలకూ, ఇంజినీరింగ్ సహాయకులకూ, మీ పత్రికకూ. గ్రామసభలో కాలవ తీర్మానం పెట్టే ముందు మూడు కాగితాలు సచివాలయం గోడ మీద అంటించాలి: వీధి వీధికీ మట్టాల పటం, మూడు నాలుగు చోట్ల చేసిన ఇంకుడు పరీక్ష ఫలితం, నీళ్లు చివరికి ఎక్కడ చేరతాయో, ఆ చెరువు నిండుమట్టం ఎంతో చూపే గీత. మీ విలేకరులు కూడా కాలవ మంజూరైందన్న వార్త రాసేటప్పుడు ఈ మూడూ ఉన్నాయా అని అడిగి, ఆ జవాబును వార్తలో వేయాలని కోరుతున్నాం.

ఇట్లు,
గ్రామీణ నీటి, పారిశుధ్య పనులు చేసే కొందరు ఇంజినీర్లు, మేస్త్రీలు
విజయనగరం