స్పీకరు బొమ్మను చూడదు

ఎడిటర్ గారికి నమస్కారం.

చిత్రకళా ప్రదర్శనల్లో ఓ మూల స్పీకరు పెట్టి, రోజంతా అదే సంగీతం తిప్పి తిప్పి వినిపించడం చాలాచోట్ల చూస్తున్నాను. ముప్పై ఏళ్లుగా బొమ్మలు వేస్తున్నాను కాబట్టి దీని గురించి రాయాలనిపించింది.

ఈమధ్య నా బొమ్మలు పెట్టిన ప్రదర్శనలోనూ అలాగే జరిగింది. మూడో రోజు సాయంత్రం వేణువు వాయించే నా మిత్రుడు వచ్చి స్పీకరు ఆపించాడు. నేను వేసిన వాన బొమ్మ ముందు నేలమీద కూర్చుని, చాలాసేపు దాన్నే చూశాడు. తర్వాత మెల్లగా ఆలాపన అందుకున్నాడు. బొమ్మలో నీలం ముదిరి నలుపులోకి జారే చోటు ఒకటుంది. అక్కడికి చూపు వెళ్లేసరికి మంద్రస్థాయికి దిగాడు, ఊపిరి కోసం ఆగాడు. నడుస్తున్నవాళ్లు కూడా ఆగిపోయారు. ఆయన వాయిస్తున్న వేగంతోనే నా కళ్లూ బొమ్మమీద కదలడం మొదలైంది. కుడివైపు వానగీతలు తొందరపడి లాగేశానని నాకు అప్పుడే తెలిసింది. బొమ్మ పూర్తయిందని రెండేళ్ల కిందటే సంతకం చేశాను! ఇంటికి తెచ్చి ఆ భాగం మళ్లీ వేశాను.

రికార్డులోని సంగీతం ఎంత గొప్పదైనా ఎదురుగా ఉన్న బొమ్మను బట్టి ఆగదు, తగ్గదు. మనిషి వాయిస్తే ఆ తేడా తెలుస్తుంది.

ఇదేమీ కొత్త ఆలోచన కాదు. రాగం అన్న మాటే రంగు పట్టడమనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చింది. వర్ణం రంగుకీ పేరే, కచేరీలో వినే వర్ణానికీ పేరే. ఛాయ అన్న మాట చిత్రకారులూ వాడతారు, గాయకులూ వాడతారు. శిల్పం నేర్పమని అడిగిన వజ్రుడనే రాజుతో మార్కండేయ మహర్షి ముందు చిత్రం తెలియాలనీ, దానికి నృత్యం, నృత్యానికి వాద్యం, వాద్యానికి గానం తెలియాలనీ చెప్పినట్టు విష్ణుధర్మోత్తర పురాణంలో ఉంది. 1911 జనవరిలో మ్యూనిక్‌లో ఆస్ట్రియా స్వరకర్త షోన్‌బెర్గ్ కచేరీ విన్న రష్యన్ చిత్రకారుడు కాండిన్‌స్కీ ఆ అనుభవాన్ని కాన్వాస్ మీద పెట్టాడు. అందులో నల్లటి పియానో ఆకారం, దాన్ని ముంచెత్తే పసుపు. వాయిస్తుంటే హాల్లో కూర్చుని విన్నవాడి పసుపు అది.

బొమ్మలను నిశ్శబ్దంగానే చూడాలనే మిత్రులున్నారు. వాళ్ల మాట నాకూ ఇష్టమే. అందుకే రోజంతా సంగీతం వద్దంటున్నాను. సాయంత్రం ఒక్క గంట చాలు, మైకు అక్కర్లేదు. వాయించేవారికి ముందురోజే బొమ్మలు చూపించాలి, ఏ బొమ్మ దగ్గర కూర్చోవాలో వాళ్లనే ఎంచుకోనివ్వాలి. పిలిచినందుకు పారితోషికం తప్పకుండా ఇవ్వాలి. మిగతా సమయమంతా స్పీకరు ఆపేయమని ప్రదర్శనలు ఏర్పాటు చేసేవారిని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక చిత్రకారుడు