చక్రం విప్పి చూడండి

సంపాదకులకు నమస్కారం.

విజయవాడ ఆటోనగర్‌లో ముప్ఫై నాలుగేళ్లు బ్రేకుల పని చేసినవాణ్ణి. మొదట్లో లారీలు, బస్సులు. తర్వాత కార్లు. నాలుగు నెలల కిందట అమెరికాలో మా అబ్బాయి దగ్గరకు వచ్చాను. టెక్సాస్‌లో డాలస్ పక్కన ఫ్రిస్కో ఊరు. చుట్టూ మనవాళ్లే. మీ పేపరు ఇక్కడ రోజూ ఫోన్‌లో చదువుతున్నాను. ఇక్కడ నా కళ్లతో చూసిన ఒక విషయం మీకు రాస్తే ఈ పిల్లలకీ, వాళ్ల దగ్గరకు వచ్చి ఉండే నాలాంటి పెద్దవాళ్లకీ పనికొస్తుందని రాస్తున్నాను.

మావాడు రెండేళ్ల కిందట సెకండ్ హ్యాండ్‌లో పెద్ద పికప్ ఒకటి కొన్నాడు. దాంట్లో స్టీరింగ్ ముందున్న తెర మీద టైర్లలో గాలి, ఇంజన్ ఆయిల్ సంగతి చూపించినట్టే బ్రేకు ప్యాడ్లు, అంటే బ్రేకు తొక్కితే చక్రంతో తిరిగే డిస్కును నొక్కి పట్టేవి, ఇంకా ఎంత మిగిలాయో శాతంలో చూపిస్తుంది. నేను వచ్చిన పది రోజులకు 'ముందు 9 శాతం, వెనక 58 శాతం' అని పడింది. పిల్లలు స్కూలుకు వెళ్లేది ఆ బండిలోనే, కోడలు టెన్షన్ పడిపోయింది. షోరూంకు తీసుకెళ్తే చక్రం విప్పకుండానే ముందు ప్యాడ్లు, డిస్కులు మార్చాలని 860 డాలర్లకు కాగితం రాసిచ్చారు. అందులో ఆకుపచ్చ, పసుపు, ఎరుపు గడులున్నాయి. ఎర్ర గడిలో టిక్కు పెట్టారు. ప్యాడు మందం ఎన్ని మిల్లీమీటర్లుందో ఎక్కడా లేదు.

"ఒక్క రోజు ఆగరా, నేను చూస్తా" అన్నాను.

మర్నాడు పొద్దున్నే గ్యారేజీ ముందు బండి పెట్టించి, వెనక చక్రాలకు చెక్కలు అడ్డం పెట్టి, జాకీ ఎత్తి, కింద స్టాండు పెట్టి చక్రం ఊడదీశాను. ఎడమవైపు లోపలి ప్యాడు 6 మిల్లీమీటర్లు, బయటిది ఆరున్నర. కుడివైపూ దాదాపు అంతే. ఇంత బండికి కొత్త ప్యాడు మీద మందు, అంటే డిస్కును రాసుకుని అరిగే పొర, పదకొండు, పన్నెండు మిల్లీమీటర్లు ఉంటుంది. మూడుకు వస్తే మార్చెయ్యాలి. అంటే మార్చేలోపు ఇంకా మూడు మిల్లీమీటర్లు అరగాలి. డిస్కు మీద చెయ్యి పెట్టి రాస్తే అద్దంలా ఉంది, అంచున గోరు తగిలేంత గట్టు కూడా లేదు.

మరి 9 ఎందుకు చూపించింది? మావాడు బండి పాత కాగితాలు వెతికాడు. అంతకుముందు ఓనరు ప్యాడ్లు మార్పించిన బిల్లు దొరికింది. మార్చినవాళ్లు తెరలో రీసెట్ చెయ్యలేదు. కంప్యూటరేమో పాత ప్యాడ్ల లెక్కే సాగదీసుకుంటూ వచ్చింది. బండితో వచ్చిన పుస్తకంలో ఈ శాతం ఒక అంచనా అనీ, ప్యాడ్లు మార్చినప్పుడల్లా రీసెట్ చెయ్యాలనీ రాసే ఉంది. ఆ పేజీ తీసి చూసేవాళ్లు ఎంతమంది?

ఇది పని చేసే తీరు చెప్తాను. ప్యాడు మందులో ఒక లోతున చిన్న తీగ ఉంటుంది. ప్యాడు అరిగి అక్కడిదాకా వస్తే తీగ తెగుతుంది, లైటు వెలుగుతుంది. కొన్నిటిలో రెండు లోతుల్లో రెండు తీగలుంటాయి. అంటే బండికి నిజంగా తెలిసేది ఒకటి లేదా రెండు క్షణాలే, తీగ తెగిన క్షణం. మధ్యలో కనిపించే 58, 43 లాంటి అంకెలన్నీ బండి తిరిగిన దూరం, బ్రేకు ఎన్నిసార్లు ఎంత గట్టిగా తొక్కారు అనే లెక్కల మీద కంప్యూటర్ వేసుకున్న అంచనా. కొలిచిన అంకె కాదది. అందులోనూ మేం విప్పిన బళ్లలో సెన్సర్ నాలుగు చక్రాలకూ లేదు. ముందు ఒక చక్రానికి, వెనక ఒక చక్రానికి, అదీ లోపలి ప్యాడుకే.

తక్కువ చూపిస్తే డబ్బు దండగ, అంతే. ఎక్కువ చూపిస్తేనే ప్రాణం మీదికి వస్తుంది. నన్ను ఈ ఉత్తరం రాయించింది రెండోదే.

మా సందులోనే మనవాళ్ల అబ్బాయి ఒకడున్నాడు, గుంటూరు పిల్లాడు. వాడిదీ పికప్పే. శని, ఆదివారాలు పడవను ట్రైలర్ మీద కట్టుకుని లూయిస్‌విల్ చెరువుకు వెళ్తాడు. ఒక సాయంత్రం వాడు బండి వెనక్కి తీస్తుంటే నాకు చప్పుడు వినపడింది. కీచుమనడం వేరు, ఇది వేరు. ఇనుము ఇనుమును గీకే చప్పుడు, చక్రం తిరిగినకొద్దీ ఆగి ఆగి వస్తుంది. లారీ బ్రేకుల్లో ప్యాడ్ల లాంటి లైనర్లు అరిగిపోయి, వాటిని బిగించిన రివెట్లు చక్రం డ్రమ్మును పట్టుకున్నప్పుడు అచ్చం ఇలాగే ఉంటుంది. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కి దిగే లారీల్లో ఎన్నిసార్లు విన్నానో.

"బాబూ, ఇంజన్ ఆపు. వెనక ప్యాడ్లు పోయాయి" అన్నాను.

"లేదంకుల్, 45 శాతం ఉంది, చూడండి" అని తెర చూపించాడు. నిజమే, 45 అనే ఉంది.

వెనక కుడి చక్రం విప్పాం. లోపలి ప్యాడు 5 మిల్లీమీటర్లుంది. బయటి ప్యాడు మీద మందు ఒక చివర గోటి మందాన మిగిలింది, రెండో చివర అసలు లేదు, వెనక రేకు నేరుగా డిస్కును రాసుకుంటోంది. డిస్కు మీద గాడి పడింది, వేలు పెడితే గోరు అందులో దిగింది. ప్యాడ్లను డిస్కుకు నొక్కే క్యాలిపర్ జరగడానికి రెండు పిన్నులుంటాయి. పైది కదిలింది. కిందది చేత్తో లాగితే రాలేదు, పానాతో తిప్పితే ఎర్రటి పొడి రాలింది. పడవ దింపేటప్పుడు రేవులో వెనక చక్రాలు నీళ్లలోకి దిగుతాయి కదా. రబ్బరు తొడుగు చిరిగి, నీళ్లు లోపలికి పోయి, గ్రీజు కొట్టుకుపోయి తుప్పు పట్టింది. పిన్ను బిగుసుకుపోతే క్యాలిపర్ తిరిగి వెనక్కి రాదు, బయటి ప్యాడు ఎప్పుడూ డిస్కుకు అంటుకునే ఉండి అరిగిపోతుంది. సెన్సర్ ఉన్నది ఎడమ చక్రం లోపలి ప్యాడుకు. అది చక్కగానే ఉంది. ఇక తెర మీద 45 కాక ఇంకేం పడుతుంది?

ఆ పిల్లాడు కాసేపు మాట్లాడలేదు. ముందు వారమే వెనక పడవ, లోపల ఇద్దరు చిన్నపిల్లలతో డాలస్ నార్త్ టోల్‌వే మీద వచ్చాడట.

ఇక్కడ ఇంకో సంగతి ఉంది. టెక్సాస్‌లో సొంత బళ్లకు ఏటా చేసే భద్రతా తనిఖీని 2025 జనవరి 1 నుంచి ఎత్తేశారు. అంతకుముందు ఏడాదికోసారైనా ఒక మనిషి బ్రేకు పట్టి చూసేవాడు. ఇప్పుడు డాలస్, కాలిన్ లాంటి కౌంటీల్లో పొగ తనిఖీ ఒక్కటే మిగిలింది. ఆ తనిఖీ బదులు ఫీజంటూ ఏడున్నర డాలర్లు మాత్రం రిజిస్ట్రేషన్‌తో పాటు కడుతూనే ఉన్నారు. మన ఊళ్లో అయితే పంక్చరు వేసే కుర్రాడు కూడా చక్రం విప్పినప్పుడు "ప్యాడ్లు అయిపోయాయి సార్" అని చెప్తాడు. ఇక్కడ అలా చెప్పేవాళ్లు తక్కువ, చాలామందికి ఆ తెరే దిక్కు. అందుకే ఆ అంకె విషయంలో ఇంత పట్టుబడుతున్నాను.

బళ్లు చేసే కంపెనీలను నేను అడిగేది పెద్దదేం కాదు. శాతం పక్కనే 'అంచనా' అనే మాట తెర మీదే వెయ్యండి, ఎవరూ తియ్యని పుస్తకంలో కాదు. సెన్సర్ ఏ చక్రానికి ఉందో, ఏ చక్రానికి లేదో కూడా అక్కడే చూపించండి. షోరూం వాళ్లు ప్యాడ్లు మార్చాలని రాసిస్తే నాలుగు చక్రాలకూ లోపలా బయటా కొలిచిన మిల్లీమీటర్లు రాసివ్వాలి. తప్పు అంకె చూపించిన బండి ఉన్నవాళ్లు ఊరుకోకండి. అమెరికా ప్రభుత్వ రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ ఓనర్ల నుంచి నేరుగా ఫిర్యాదులు తీసుకుంటుంది. గుంటూరు పిల్లాడి చేత ఆ రాత్రే పెట్టించాను.

మనవాళ్లకు ఒక మాట. టైర్లు ముందువి వెనక్కి మార్పించేటప్పుడు చక్రాలు ఎలాగూ ఊడతాయి. అప్పుడే ప్యాడ్లు కొలవమనండి, లోపలిదీ బయటిదీ రెండూ. బ్రేకు ఆయిల్ డబ్బాలో మట్టం తగ్గుతుంటే కారుతోందా, ప్యాడ్లు అరిగాయా అని వెంటనే చూపించండి. ఊరికే నింపించి వదిలెయ్యొద్దు. పడవ లాగేవాళ్లు ఏడాదికోసారి క్యాలిపర్ పిన్నులు తీయించి, శుభ్రం చేయించి, బ్రేకు పిన్నుల కోసం అమ్మే గ్రీజే పూయించండి. మామూలు గ్రీజు పూస్తే రబ్బరు ఉబ్బుతుంది.

ఆ అబ్బాయి బండికి వెనక రెండు వైపులా ప్యాడ్లు, డిస్కులు, పిన్నులు మార్చాం. దాని హ్యాండ్ బ్రేకు మోటారుతో పని చేస్తుంది. తెరలో సర్వీస్ మోడ్ పెడితే గానీ క్యాలిపర్‌లో ప్యాడును నొక్కే పిస్టన్ వెనక్కి పోలేదు, ఆ కిటుకు వాడి దగ్గరే నేర్చుకున్నాను. పని అయ్యాక తెర మీద వెనక ఇంకా 45 అనే ఉంది. రీసెట్ నొక్కాక 100 అయింది. రెండు బళ్ల గ్లవ్ బాక్సుల్లో తలా ఒక చిన్న నోటుబుక్కు పెట్టాను. తేదీ, మైళ్లు, నాలుగు చక్రాల మిల్లీమీటర్లు పెన్సిల్‌తో రాశాను. వచ్చే నెల నేను విజయవాడ వెళ్లిపోతాను. తర్వాతి గీత మీరే రాయాలని ఇద్దరికీ చెప్పాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ బ్రేకు మెకానిక్,
విజయవాడ. ప్రస్తుతం ఫ్రిస్కో, టెక్సాస్.