అలుపెరగని మనుషులకు ఇంగ్లిష్ మాటలు సరిచూసి పెట్టిన అందరికీ కృతజ్ఞతలు

సన్మాన పత్రాలు, సిఫారసు ఉత్తరాలు ఇంగ్లిష్‌లో రాసేవాళ్ల కోసం "అలుపెరగని", "పట్టువదలని" అనే అర్థాలొచ్చే పదాల పట్టిక తయారుచేసి, తప్పులుంటే చెప్పమని అడిగాం. టీచర్లు, అనువాదకులు, విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లు వరస వరసా చదివి దిద్దిపెట్టారు. అందరికీ నమస్కారాలు. ఏ దిద్దుబాటు వల్ల ఏం మారిందో చెబితేనే వాళ్ల శ్రమకు తగిన మర్యాద అవుతుంది.

అన్నిటికంటే విలువైనది "రెస్ట్‌లెస్" గురించి వచ్చిన హెచ్చరిక. "విశ్రాంతి లేకుండా పనిచేసే మనిషి"ని మాటకు మాట దించితే ఇదే వస్తుంది. కానీ ఇంగ్లిష్‌లో దాని అర్థం నిలకడ లేని, కాలుగాలిన పిల్లిలా తిరిగే మనిషి అని. రాయాల్సింది "టైర్‌లెస్". దాని పక్కనే ఇంకో గుంట ఉంది: "టైర్‌సమ్" అంటే విసుగు పుట్టించే అని. రిటైరయ్యే హెడ్‌మాస్టరుగారి పత్రంలో ఆ చివరి ముక్క మారితే పొగడ్త కాస్తా తిట్టు అవుతుంది. "హార్డ్‌లీ" కూడా అలాంటిదే. "వర్క్స్ హార్డ్" అంటే కష్టపడతాడు, "హార్డ్‌లీ వర్క్స్" అంటే పనే చేయడు. క్రియావిశేషణానికి "లీ" చేర్చాలనే అలవాటు ఇక్కడ ముంచుతుంది.

"ఇన్‌డిఫాటిగబుల్" పలికి వినిపించినవారికి ప్రత్యేకంగా దణ్ణం. "ఫటీగ్" గుర్తొచ్చి చాలామంది "ఫటీ" అని సాగదీస్తారు. ఒత్తు మూడో అక్షరమైన "ఫా" మీద పడాలి, "టి" పొట్టిగా పోవాలి. అర్థంలో ఇది టైర్‌లెస్‌కు దగ్గరే అయినా బరువు ఎక్కువ. మాటల్లో తక్కువ, రాతలో ఎక్కువ. 1879లో ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ నిఘంటువు సంపాదకత్వం చేపట్టి, 1915లో కన్నుమూసేదాకా ఆ పని విడవని జేమ్స్ మర్రే లాంటివారికి ఆ బరువు సరిపోతుంది. ఆ నిఘంటువు పూర్తయింది 1928లో. ఎక్కడెక్కడి పాఠకులో చీటీల మీద రాసి పంపిన వాక్యాలే దానికి ముడిసరుకు. మూడేళ్ల సర్వీసున్న ఉద్యోగికి ఈ మాట వేస్తే మాత్రం చొక్కా వదులైనట్టుంటుంది.

పట్టుదల మాటల్లో మా పట్టిక బాగా మారింది. "టెనేషస్"కు "ఉడుంపట్టు" సూచించినవారికి జోహార్లు. ఆ మాట లాటిన్ మూలానికి పట్టుకోవడం అనే అర్థం, కాబట్టి ఇంతకన్నా సరైన జోడీ దొరకదు. "డాగ్డ్" అని ఏకాక్షరంగా రాసుకున్నదాన్ని "డాగిడ్" అని సరిదిద్దారు. విశేషణమైతే రెండు అక్షరాలు, వెంటాడిందనే క్రియ అయితే ఒక్కటే. కుక్క పేరు వినపడుతుందని తెలుగువాళ్లు జంకుతారు గానీ ఇందులో అవమానం లేదు. కష్టానికి ఎదురొడ్డి మెల్లగా, బరువుగా, ఆగకుండా సాగే పట్టుదల అది. బీహార్‌లోని గెహ్లౌర్‌లో 1960 నుంచి 1982 దాకా, 22 ఏళ్లు, సుత్తీ ఉలీతో కొండను తొలిచి దారి వేసిన దశరథ్ మాంఝీది డాగిడ్ పట్టుదల.

"రిలెంట్‌లెస్" మీద వాదన గట్టిగానే జరిగింది. "రిలెంట్" అంటే మెత్తబడటం, కాబట్టి ఇది కరగని, కనికరించని అనే వైపు మొగ్గుతుంది. ఎడతెరిపి లేని వాన, వదలకుండా కూపీ లాగే విలేఖరి, ఊపిరి తీసుకోనివ్వని ప్రత్యర్థి: వీటికి బాగుంటుంది. నర్సమ్మ సేవకు పెడితే వింతగా ఉంటుంది. అందుకే దాన్ని సన్మాన పత్రాల వరసలోంచి తీసేశాం. "పర్సిస్టెంట్" మాత్రం తూకం తప్పని మాట. పక్కన ఉన్నదాన్ని బట్టి రంగు మారుతుంది. పర్సిస్టెంట్ దగ్గు అంటే తగ్గని దగ్గు, పర్సిస్టెంట్ సేల్స్‌మన్ అంటే జిడ్డు, పర్సిస్టెంట్ ప్రయత్నం అంటే మెచ్చుకోలు. స్పెల్లింగ్‌లో చివర "ఈ ఎన్ టీ". "రెసిస్టెంట్"లో "ఏ ఎన్ టీ" ఉండటం వల్లే ఇక్కడా "ఏ" రాసే పొరపాటు జరుగుతుంది.

కుదురుగా కూర్చుని చేసే శ్రద్ధకు "అసిడ్యుయస్" ఉంది. దాని మూలంలో ఉన్నది నిజంగానే పక్కన కూర్చోవడం. విద్యార్థి సిఫారసు ఉత్తరానికి అంత పుస్తకాల మాట అక్కర్లేదు, "డిలిజెంట్" చాలు. "ఇండస్ట్రియస్" అంటే కష్టజీవి, పరిశ్రమలకు చెందినది కాదు. "వర్క్‌హాలిక్"ను పొగడ్తల వరసలోంచి తీయించినవారు మంచిపని చేశారు. తాగుడుకు బానిసను చెప్పే మాట నమూనాలో పుట్టింది అది. "రిజీలియంట్" కూడా వేరే గుణం: పడి లేచేవాడు, ఆగనివాడు కాదు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనేవాడికి "ఆబ్‌స్టినేట్", "స్టబర్న్" ఉన్నాయి. మన దగ్గర తరచూ వినిపించే "ఆడమెంట్" కూడా మాట మార్చుకోనివాడికే గాని, శ్రమించేవాడికి కాదు.

అనువాదకులు పంపిన ఒక్క గమనిక దగ్గర చాలాసేపు ఆగాం. "సిసిఫియన్" పనికి "భగీరథ ప్రయత్నం" అని రాసుకున్నాం. గ్రీకు పురాణంలో సిసిఫస్ కొండ మీదికి దొర్లించే బండ ప్రతిసారీ కిందికే వస్తుంది, భగీరథుడు గంగను దింపాడు. ఒకటి ఎప్పటికీ ఫలించని చాకిరీ, రెండోది ఫలించిన మహాయత్నం. భగీరథుడి పక్కన ఇప్పుడు గ్రీకు వీరుడు హెర్క్యులిస్ పేరు మీద వచ్చిన "హెర్క్యులియన్" ఉంది. సిసిఫస్‌కు "ఎంత చేసినా తెమలని పని" అని మామూలు మాటల్లోనే రాశాం. విక్రమార్కుడికి "పర్సివియరింగ్" నిలిచింది. ఆ మాట మొదటి "ర్" తర్వాత ఇంకో "ర్" చేర్చి "పర్సర్వియర్" అనకూడదని కూడా మీరే రాయించారు.

ఒక పత్రానికి ఒక్క విశేషణమే, దాని వెంటనే మనిషి చేసిన పని, ఎన్నేళ్లు చేశారో ఉండాలన్న సూచనను పట్టిక తలకట్టుగా పెట్టాం. కష్టాల్లో చెదరని గుండెనిబ్బరాన్ని చెప్పే "గ్రిట్"కు "దిటవు" అనే పాత మాటను వెలికితీసి ఇచ్చిన పెద్దాయనకు, ఆ వరస పూరించినందుకు మళ్లీ కృతజ్ఞతలు.